గుండుకు తూకం వేయండి

రాయలసీమలో ఏ తిరునాళ్ళ కరపత్రమైనా తీసి చదవండి. బండలాగుడు పోటీల గురించి అందులో ఉండే వివరం చూస్తే ముచ్చటేస్తుంది. పాలపళ్ళ ఎద్దులు వేరు, నాలుగు పళ్ళవి వేరు, ఆరు పళ్ళవి వేరు, సీనియర్లు వేరు. గడువు ఎన్ని నిమిషాలు, మొదటి బహుమతి ఎంత, ఆఖరి బహుమతి ఎంత, ఏ బహుమతికి దాత ఎవరు, అన్నీ ఉంటాయి. పోటీ అయినాక ఏ జత ఎన్ని అడుగులు లాగిందో మైకులో చెప్తారు. మర్నాడు జిల్లా పేజీలో అచ్చవుతుంది. పశువు వయసును పళ్ళతో లెక్కగట్టి, సాటి పశువుతోనే దానికి పోటీ పెట్టాలన్న న్యాయం మన ఊళ్ళకు బాగా తెలుసు.

అదే కరపత్రంలో అడుగున ఒక్క వాక్యం ఉంటుంది: రాతిగుండు ఎత్తే పోటీలు కూడా కలవు. అంతే. ఎంత గుండు? రాయరు. ఎవరితో ఎవరికి పోటీ? అందరితో అందరికీ. యాభై కిలోల పిల్లోడూ తొంభై కిలోల హమాలీ ఒకే రాయి ముందర నిలబడాలి. ఎత్తితే ఈలలు, ఎత్తలేకపోతే నవ్వులు. అన్ని ఊళ్ళూ ఇట్లే అనడం లేదు, కిలోలు చెప్పి పోటీ పెట్టేవాళ్ళూ ఉన్నారు. పత్తికొండ చుట్టుపక్కల నేను చూస్తూ పెరిగినవి మాత్రం ఇట్లాంటివే.

నేను అడిగేది ఒకటే. గుండుకు తూకం వేయండి. ఆ తూకాన్ని రాయి మీదే రాయండి. ఎత్తినవాళ్ళ పేర్లు దాని పక్కన రాయండి. ఇంత చిన్న కోరికకు ఇంత వ్యాసమా అనుకోవద్దు. ఈ కోరికను మా ఊళ్ళో నోరు తెరిచి అడిగితే ఎంతమందికి కోపం వచ్చిందో చూశాక రాస్తున్నాను.

మా ఊరి గుండు ఆంజనేయస్వామి గుడి ముందర, వేపచెట్టు కింద ఉంటుంది. చేతులు తగిలి తగిలి నునుపెక్కిన రాయి. దాన్ని భుజానికెత్తి వెనక్కి పారేసినవాళ్ళు మూడు తరాల్లో నలుగురైదుగురే అంటారు. వాళ్ళలో ఒకరి గురించి ఊరు ఇప్పటికీ చెప్పే మాట: "పెద్దింటాయన జీతగాడు ఎత్తినాడంట." ఆ జీతగాడు మా జేజినాయన. మా నాయనకు నాయన.

ఆ వాక్యాన్ని ఇంకోసారి చదవండి. ఎత్తింది జీతగాడే, వ్యాకరణం ఆ మాత్రం న్యాయం చేసింది. కానీ గుర్తుండిపోయింది పెద్దిల్లు. ఏ ఏడు ఎత్తినాడో ఎవరికీ తెలీదు. ఎంత ఎత్తినాడో తెలీదు. పేరు అడిగితే పెద్దవాళ్ళు తలగోక్కుంటారు. బండలాగుడులో కూడా మైకులో వినపడేది యజమాని పేరు, ఊరి పేరు. ఎద్దుకు కనీసం ఎన్ని అడుగులు లాగిందన్న లెక్కైనా మిగులుతుంది. మా జేజినాయనకు అదీ లేదు.

కొలవని బలం ఎత్తినవాడి దగ్గర ఉండదు. దాని గురించి చెప్పేవాడి దగ్గరికి పోతుంది. చెప్పేవాడు దాన్ని పెద్దింటి గొప్ప చేయొచ్చు, ఊరి పరువు చేయొచ్చు, ఆంజనేయుడి మహిమ చేయొచ్చు. సినిమావాళ్ళు ఇంకా ముందుకు పోయి దానికి పౌరుషం అని పేరు పెట్టారు. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడినప్పటినుంచి ఓ పదేళ్ళు తెరమీద సీమ బలమంటే తొడ చరచడమే. తొడ చరిస్తే సుమోలు గాల్లోకి లేస్తాయి. ఆ బలానికి బరువుండదు, సాధన ఉండదు, అలసట ఉండదు. పుట్టుకతో వస్తుంది, అదీ ఒకటి రెండు కులాల్లో పుడితేనే వస్తుంది. నిజంగా మూటలు మోసినవాళ్ళు ఆ సినిమాల్లో ఉండేది సుమోల వెనక పరిగెత్తడానికి.

సినిమాను తిట్టడం తేలిక, ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది ఆ పని ఎప్పుడో చేసేశారు. సాహిత్యం సంగతేమిటి? నేను చదివిన సీమ కథల్లో ఒళ్ళు ఎండిపోతుంది, వలసపోతుంది, నరకబడుతుంది. కరువు నిజం. సుగ్గికని గుంటూరు వైపు మిరపకోతలకు కదిలిపోయే కుటుంబాలు నిజం. ఫ్యాక్షను నిజం. కానీ అదే ఒళ్ళు, పగలంతా పనిచేసి వచ్చి, రాత్రి గుడి ముందర ఇసుక మూట ఎత్తి చూసుకుని నవ్వుకునేది కూడా. కూలివాడి శరీరాన్ని మనం జాలిపడటానికే పేజీ మీదికి తెచ్చుకున్నాం. తన బలం చూసుకుని తాను సంతోషించే కూలివాడు మన కథల్లోకి రావడం చాలా అరుదు. జాలికి కొలత అక్కర్లేదు. మెచ్చుకోలుకు కావాలి.

నేను బెంగుళూరులో ఆరేళ్ళుగా బరువులెత్తుతున్నాను. నా ఒంటిబరువు 62 కిలోలు. స్ట్రాంగ్‌మన్ పద్ధతిలో జరిగిన ఒక చిన్న పోటీలో ఆడవాళ్ళ విభాగంలో ఏడుగురిలో ఐదోదాన్నయ్యాను. రెండు చేతుల్లో రెండు ఇనుప బరువులు పట్టుకుని నడవడం, ట్రాక్టరు టైరు తిరగేయడం, ఇసుక సంచి భుజానికెత్తడం, చివరికి గుండు. అది కాంక్రీటు గుండు, అచ్చులో పోసింది. దానిమీద తెల్ల పెయింటుతో 70 అని రాసి ఉంది. ఆ అంకె చూసిన క్షణాన నాకు గుర్తొచ్చింది మా ఊరి గుండు మీద ఏమీ రాసిలేదని.

గుండు ఎత్తడం ఒక విద్య. కాళ్ళ మధ్య గుండు పెట్టుకుని, వంగి, చేతులు వీలైనంత కిందికి పోనివ్వాలి. వేళ్ళతో పట్టేది కాదిది, ముంజేతులతో అదిమేది. మొదటి దశ నేలనుంచి తొడలమీదికి. అక్కడ కూర్చున్నట్టు ఆగి, చేతులు గుండు పైభాగానికి మార్చి, గుండెకు హత్తుకుని, ఊపిరి బిగబట్టి, తుంటిని ముందుకు తోస్తూ ఒక్కసారి లేవాలి. చూసేవాళ్ళకు చేతులు ఎత్తినట్టు కనిపిస్తుంది, ఎత్తేది తుంటి. విదేశాల్లో ముంజేతులకు జిగురు రాసుకుంటారు. మా ఊళ్ళో మట్టి రుద్దుకుంటారు. మిగతాదంతా ఒకటే.

ఆ విద్య వచ్చేది సాధనతో. ఈ వారం 60 కిలోలు ఐదుసార్లు ఎత్తితే వచ్చేవారం 62.5. మధ్యలో విశ్రాంతి. కొన్ని వారాలకోసారి కావాలనే బరువు తగ్గించుకోవడం. ఒంటిబరువులో కిలోకు 1.6 గ్రాముల మాంసకృత్తులు తినమంటారు. నా లెక్కన రోజుకు దగ్గర దగ్గర 100 గ్రాములు, ఒక్క కోడిగుడ్లతోనే సరిపెట్టుకోవాలంటే పదహారు గుడ్లు. మా జేజినాయన తిన్నది జొన్న సంగటి, ఊరిబిండి, పండగొస్తే కూర.

అందుకే "జిమ్ముల్లో కండలు షోకు, అసలు బలం కష్టజీవిది" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రగతిశీలంగా వినపడే ఈ మాట కష్టజీవికి చేసే మేలు ఏమీ లేదు. పని బలం ఇవ్వదని కాదు, ఇచ్చినదాన్ని నిలవనివ్వదు. వేసవంతా రోజుకు రెండొందల మూటలు ఎత్తేవాడికి విశ్రాంతి రోజు ఉండదు, బరువు తగ్గించుకునే వారం ఉండదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే ఒక మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు దాటకుండా చూడాలని సిఫారసు చేసింది. మన గోదాముల్లో క్వింటాలు బస్తా ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు వీపులమీదే నడిచింది. ఆదోని పత్తి మార్కెట్లోనో మరో యార్డులోనో యాభై దాటిన హమాలీని నడుము గురించి అడగండి. అతని బరువును ఎవరూ కొలవలేదనడానికి వీల్లేదు, మూటకింత అని రోజూ కొలిచారు. ఆ కొలత మూటది. మనిషిది కాదు.

పోయిన ఉగాదికి ఊరికి పోయినప్పుడు నేనూ ఆ గుండు ఎత్తి చూస్తానన్నాను. గుడి దగ్గరున్న పెద్దవాళ్ళు మర్యాదగానే చెప్పారు, "ఆడబిడ్డలు ముట్టకూడదు పాపా, స్వామి గుండది." సరే, ముట్టను, కొలుచుకుంటానన్నాను. దర్జీ టేపు తెప్పించి మా చిన్నాయన కొడుకుతో గుండు చుట్టూ పెట్టించాను. మూడుచోట్ల మూడుసార్లు. సగటున 132 సెంటీమీటర్లు వచ్చింది.

ఇక్కడ కొంచెం లెక్క ఉంది, ఓపిక పట్టండి. ఎందుకంటే ఇది మీ ఊరి గుండుకూ పనికొస్తుంది. చుట్టుకొలత 132 అంటే అడ్డుకొలత 42 సెంటీమీటర్లు. అంత గోళం ఘనపరిమాణం దాదాపు 38,800 ఘన సెంటీమీటర్లు. మన గట్టి రాయి ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాముల దాకా తూగుతుంది. గుణిస్తే 105 కిలోలు. గుండు ఖచ్చితమైన గోళం కాదు కాబట్టి నాలుగైదు కిలోలు అటూఇటూ. ఫోనులో రెండు నిమిషాల పని.

నేను 105 అనగానే వేపచెట్టు కింద గాలి ఆగిపోయినట్టయింది. ఊళ్ళో అందరూ దాన్ని రెండు క్వింటాళ్ళ గుండు అంటారు. మా పెదనాయనకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మా నాయన ఎత్తినదాన్ని సగం చేసిపెడతావా? ఇంత సదివింది ఇందుకేనా?" అన్నాడు. ఆయన కోపం నాకు అర్థమైంది. ఊరు ఆయన నాయనకు ఇచ్చిన ఆస్తి ఆ రెండు క్వింటాళ్ళు ఒక్కటే.

కానీ లెక్క ఇంకో వైపునుంచి చూడమన్నాను. జేజినాయన బక్కపలచని మనిషి. మంచి వయసులో ఉన్నప్పుడు కూడా 55 కిలోలు దాటి ఉండడని పెదనాయనే ఒప్పుకున్నాడు. తన ఒంటిబరువుకు దాదాపు రెండింతలున్న, పట్టు దొరకని రాయిని, ఎవరూ నేర్పకుండా, సంగటి తిని, పగటి పని చేసి వచ్చి, భుజానికెత్తాడు. ప్రపంచ స్ట్రాంగ్‌మన్ పోటీల్లో ఐదు గుండ్ల వరుస ఒకటుంటుంది. అందులో మొదటిది మామూలుగా నూరు కిలోలు దాటి ఉంటుంది. దాన్ని ఎత్తేవాళ్ళు 150 కిలోల మనుషులు. రెండు క్వింటాళ్ళు అన్నన్నాళ్ళూ మా జేజినాయన కథ ఎవరూ నమ్మక్కర్లేని కథ. 105 అన్నాక నమ్మి తీరాల్సిన సంగతి. అతిశయోక్తి ఆయన్ని పెంచలేదు, అబద్ధం చేసింది.

తెలుగు నేలమీద ఈ తేడా చూపించడానికి ఇద్దరు చాలు. కోడి రామ్మూర్తి నాయుడు 1942లో పోయారు. వీరఘట్టం మనిషి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడు, సర్కసు పెట్టి దేశాలు తిరిగినవాడు. ఛాతీమీద ఏనుగును నిలబెట్టుకున్నాడు, గొలుసులు తెంచాడు, కార్లను కదలనివ్వలేదు. కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులెస్ అని బిరుదులు. మనకు తెలిసింది ఆ బిరుదులు, ఆ అద్భుతాలు. పొద్దున్నే లేచి ఆయన ఏం సాధన చేసేవాడు, ఏ వయసులో ఎంత ఎత్తాడు, ఎట్లా పెంచుకుంటూ పోయాడు అని అడిగే అలవాటు మనకు లేకపోయింది. అదే ఉత్తరాంధ్రలో కరణం మల్లీశ్వరి. 2000 సెప్టెంబరు 19, సిడ్నీ, 69 కిలోల విభాగం. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240. కాంస్యం. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. బంగారం కోసం 137.5 అడిగి, అది ఎత్తలేకపోయిందని కూడా మనకు తెలుసు. ఆ ఓటమికీ అంకె ఉంది. భీముడని ఎవరూ అనకపోయినా ఆమె నుంచి ఆ 240ని ఎవరూ తీసుకోలేరు. రామ్మూర్తి మిగిలింది పురాణంగా, మల్లీశ్వరి మిగిలింది చరిత్రగా.

దీనికి ఎదురుచెప్పేవాళ్ళు ఏమంటారో నాకు తెలుసు. మా వాట్సాప్ గుంపులోనే విన్నాను. మొదటి మాట: జానపద క్రీడను కిలోల్లోకి దించితే దాని ఆత్మ చచ్చిపోతుంది. మరి ప్రపంచంలో ఎక్కడ చచ్చిపోయింది? స్కాట్లండ్‌లో డిన్నీ రాళ్ళున్నాయి. 1860లో డొనాల్డ్ డిన్నీ వంతెన మీదుగా మోశాడని చెప్పే జత. తూకం వేశారు, రెండూ కలిపి 332 కిలోల పైచిలుకు. ఎత్తినవాళ్ళ పేర్లు రాసిపెట్టుకుంటారు. 1979లో జాన్ టాడ్ అనే అమెరికన్ ఆ జతను నేలమీంచి లేపిన మొదటి స్త్రీ అయింది. తూకం వేశాక ఆ రాళ్ళ దగ్గరికి వచ్చేవాళ్ళు పెరిగారే గాని తగ్గలేదు. స్పెయిన్‌లో బాస్క్ ప్రజల రాయి ఎత్తే ఆటలో గోళం, స్తంభం, ఘనం అని ఆకారాలు కూడా వేరు చేసి కిలోలు కట్టారు. మియెల్చో సరలేగి 329 కిలోల రాయి ఎత్తాడని అందుకే ఈరోజు పత్తికొండ పిల్లకు తెలిసింది. పక్కన తమిళ ఊళ్ళలో ఇళవట్టక్కల్ ఎత్తిన కుర్రాళ్ళ సంగతి, మన గుండు ఎత్తినవాళ్ళ సంగతి బాస్క్‌లో ఎవరికి తెలుసు?

ఐస్‌లండ్ సముద్రపు ఒడ్డున ఒకచోట నాలుగు రాళ్ళున్నాయి. 154, 100, 54, 23 కిలోలు. పెద్దదాని పేరుకు పూర్తి బలం అని అర్థం, తర్వాతది సగం బలం, అన్నిటికంటే చిన్నదాని పేరు పనికిరానివాడు అన్నట్టు. చేపల పడవలో పని కావాలంటే కనీసం 54 కిలోల రాయి ఎత్తి గట్టుమీద పెట్టాలి. లేకపోతే పడవ ఎక్కనివ్వరు. కూలివాణ్ణి ఏరుకోవడానికి పెట్టిన రాళ్ళవి, క్రూరమైనవే. కానీ ఈరోజు యాత్రికులు వాటిముందు నిలబడితే ఆ పడవల మనుషులు ఎంత ఎత్తి బతికారో అంకెల్లో తెలుస్తుంది. మన జీతగాళ్ళు ఎంత ఎత్తి బతికారో తెలిసే దారి మనం ఉంచుకోలేదు.

రెండో మాట కొంచెం బలమైనది: కొలత పాలకుల ఆయుధం. నిజమే, పత్తికొండకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉండి, పొలం పొలం కొలిపించి, రైతు రైతు పేరున పన్ను కట్టిన థామస్ మన్రో, మద్రాసు గవర్నరుగా పర్యటనలో ఉండగా కలరా సోకి చనిపోయింది పత్తికొండలోనే, 1827 జులై 6న. అప్పటినుంచి ఇప్పటిదాకా సర్కారు మన నేలను కొలుస్తూనే ఉంది, వ్యాపారి మన టమోటాను తూచి తరుగు తీస్తూనే ఉన్నాడు. మననుంచి తీసుకోవాల్సినవన్నీ కొలతలోకి వచ్చాయి. మనకు దక్కాల్సిన పేరు మాత్రం కొలత లేకుండా "ఎత్తినాడంట" అన్న మాటలో మిగిలింది. తక్కెడ పాలకుడి చేతిలో ఉందని తక్కెడనే వద్దనుకుంటే పోయేది మన లెక్కే. ఆ అంకె ఎవరి పుస్తకంలో ఉండాలన్నదే అసలు గొడవ. మా జేజినాయన అంకె మా ఇంటి పుస్తకంలో ఉండాలి.

మూడో మాట ఎవరూ పైకి అనరు. తూకం వేస్తే ఆడవాళ్ళు వస్తారన్న భయం. తూకం లేని గుండు ముందర "ఆడోళ్ళ వల్ల కాదు" అన్న మాటకు ఎదురులేదు. అది స్వామి గుండు, దానికి అంకె లేదు, కాబట్టి సమాధానమూ లేదు. 105 అని రాసినరోజు ఆ మాట కూలిపోతుంది. నాకు ఈరోజు 105 కిలోల గుండు రాదు. 80 కావచ్చు. ఎంత తక్కువో, ఎన్ని నెలలు పడుతుందో లెక్కవేసుకోగలను. నావల్ల కాదన్నది శాపంగా కాకుండా 25 కిలోల దూరంగా మారుతుంది. టమోటా బాక్సులు నెత్తిన పెట్టుకుని లారీకి అందించే మా ఊరి ఆడవాళ్ళకు ఆ దూరం నాకంటే తక్కువే ఉంటుంది. వాళ్ళను ఆ గుండు దగ్గరికి రానివ్వకుండా ఆపుతున్నది బరువు కాదు. బరువు చెప్పకపోవడం.

మగపిల్లలకూ అంతే. ఇప్పుడు పోటీ అంటే ఏడాదికోరోజు, సాధన లేకుండా, పదిమంది రెచ్చగొడితే పోయి నడుము పట్టేసుకుని రావడం. 40, 60, 80, 105 అని నాలుగు గుండ్లు వరుసగా పెట్టి, ఒంటిబరువు విభాగాలు పెట్టి చూడండి. నలభైతో మొదలుపెట్టిన పిల్లోడు మూడేళ్ళకు నూరు దగ్గరికి వస్తాడు, నడుము బాగుండగానే వస్తాడు. ఎద్దులకు పళ్ళు లెక్కపెట్టే ఊళ్ళకు ఇది చేతకాని పని కాదు. పళ్ళు రాలని ఎద్దును సీనియర్ ఎద్దుతో కట్టరు కదా.

గుత్తి నుంచి పత్తికొండకు వచ్చే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండలమీద అశోకుడి శాసనాలు రెండువేల రెండొందల ఏళ్ళు దాటినా నిలిచి ఉన్నాయి. రాయిమీద రాయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. చక్రవర్తి మాట రాయడానికి పనికొచ్చిన రాయి జీతగాడి పేరు రాయడానికి పనికిరాకపోదు.

ఈ ఏడు తిరునాళ్ళకు మీ ఊరికి పోతే ఇరవై రూపాయల దర్జీ టేపు ఒకటి జేబులో పెట్టుకుపోండి. చుట్టుకొలత తీయండి, లెక్క పైన చెప్పాను. పెయింటు డబ్బా కొని కిలోలు రాయండి. తర్వాత ఊళ్ళో అందరికంటే పెద్ద ముసలామె దగ్గర కూర్చుని, ఈ గుండు ఎత్తినవాళ్ళ పేర్లు అడగండి. ఇంటిపేర్లు కాదు, యజమానుల పేర్లు కాదు. వాళ్ళ పేర్లు. ఆమె చెప్పగలిగినప్పుడే రాసుకోండి.